వశిష్ఠ మీద రాత్రి బస: ఇరవై అడుగుల పడవకు పడక అమర్చుతున్న డైరీ

శ్రావణం

ఇద్దరు మనుషులు వశిష్ఠ గోదావరి పాయ మధ్యలో లంగరు వేసుకుని, తడవకుండా, ఉక్కిరిబిక్కిరి కాకుండా, తెల్లవారేసరికి పడవ ఎక్కడుంటుందోనన్న బెంగ లేకుండా ఒక రాత్రి నిద్రపోయేటట్లు ఒక చిన్న పడవను సిద్ధం చేయాలన్నది ఈ పని ఉద్దేశం. పడవ ఇరవై అడుగుల ఫైబరుది, ఒకప్పుడు చేపల వేటకు వాడినది. నడుమ వెడల్పు ఐదున్నర అడుగులు. లోపల కాలు పెట్టే నేల మాత్రం నాలుగు అడుగులకు మించదు. అడుగు భాగం దాదాపు చదునుగా ఉండడం వల్ల ఖాళీగా ఉన్నప్పుడు మోకాలి లోతు నీటిలో కూడా తేలుతుంది. దిండి దగ్గర పర్యాటకుల కోసం తిప్పే హౌస్‌బోట్లలో గదులు, స్నానాల గది, భోజనాల బల్ల ఉంటాయి. మా పడవ ఆ కోవలోది కాదు. ఇందులో పడుకోవడానికి చోటు, దాని మీద ఒక గూడు, అంతే.

ప్రస్తుతం పడవ ఏటిగట్టుకు ఇవతల కొబ్బరితోటలో బోర్లించి ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికే సుమారు పది లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వస్తూ ఉంటుంది. అంతటి ప్రవాహంలో చిన్న పడవకు పని లేదు. పైగా ప్రతి వరదా ఇసుక మేటలను ఒకచోటి నుంచి మరొకచోటికి నెట్టివేస్తుంది కనుక, లంగరు ఎక్కడ వేయాలన్న నిర్ణయాన్ని వరద పూర్తిగా తీసిన తరువాతకే వాయిదా వేశాము. నిరుడు నిలువు లోతు ఉన్నచోట ఈ ఏడు లంక మొలిచి ఉండవచ్చు.

మొదట తేల్చుకోవలసినది గూడు సంగతి. ప్లైవుడ్‌తో గది కట్టిస్తే చూడడానికి బాగుంటుందని మా బావమరిది పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఐదున్నర అడుగుల వెడల్పున్న పడవ మీద నాలుగడుగుల ఎత్తు చెక్క గోడలు నిలబెడితే బరువు పైకి చేరి పడవ ఒరుగు పెరుగుతుంది. ఆ గోడలు గాలిని పట్టి, లంగరు మీద ఉన్న పడవను రాత్రంతా అటూ ఇటూ ఈడుస్తాయి. అందువల్ల స్టీలు గొట్టాలను వంచి నాలుగు కమానులు చేయించి, వాటి మీద టార్పాలిన్ కప్పాలని నిశ్చయించాము. లోపల కూర్చుంటే తల తగలనంత ఎత్తు చాలును. నిలబడవలసిన అవసరం పడవలో రాత్రిపూట ఉండదు, ఉండకూడదు కూడా.

భాద్రపదం

ఈ నెల పని ఎక్కువగా మేస్త్రీ గారిదే. పాత ఫైబరు మీద పగుళ్ళున్న చోట్ల గీకి, ఆరబెట్టి, ఫైబరు మ్యాటు పరిచి రెజిన్ అనే జిగురు పట్టించారు. వానల మధ్య తెరిపి దొరికిన మధ్యాహ్నాలలోనే ఆ పని సాగింది, ఎందుకంటే తేమ ఉన్న ఉపరితలం మీద రెజిన్ సరిగా అతకదు. నేలకు వేసిన చెక్క ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. మామూలు ప్లైవుడ్‌తో పోలిస్తే ధర బాగా ఎక్కువే అయినా, నీళ్ళు నిలిచే అడుగు భాగంలో ధర చూసుకోవడం తెలివైన పని కాదు. కోసిన అంచులన్నిటికీ రెజిన్ పట్టించిన తరువాతే బిగించాము, నీరు ప్లైవుడ్‌లోకి ముందుగా దూరేది అంచుల నుంచే.

మరలన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించాము. ఇది ఆడంబరం కాదు. వరదలు తగ్గి బ్యారేజీ గేట్లు మూశాక, ఉన్న నీరు దాళ్వా, అంటే రబీ వరి, కోసం కాలువలకు మళ్ళుతుంది. దిగువ పాయలలోకి మంచినీటి రాక సన్నగిల్లి, సముద్రపు నీరు పోటుతో ఎగదన్నుతుంది. వానాకాలంలో తియ్యగా ఉండే అదే రేవు వేసవికి ఉప్పుదేలుతుంది. ఆ ఉప్పు మామూలు ఇనుప మరలను ఎంతో కాలం నిలవనీయదు.

ఆశ్వయుజం

పడక విషయంలో ఆలోచించినంత మరి దేనికీ ఆలోచించలేదు.

పడవలో పడుకున్నవారిని బాధించేది ఊపు అని చాలామంది అనుకుంటారు. ఊపుకు శరీరం త్వరగానే అలవాటు పడుతుంది. అసలు బాధ చెమ్మ. ఒంటి నుంచి వెలువడే ఆవిరి పరుపులోంచి కిందికి దిగి, చల్లని చెక్కనో ఫైబరునో తాకి నీరవుతుంది. నదిలో తేలుతున్న పడవ అడుగు ఆ నీటి చల్లదనంతోనే ఉంటుంది కనుక, చెక్క మీద స్పాంజి పరుపు పరిచి పడుకుంటే తెల్లవారేసరికి పరుపు అడుగున చేయి తడిసేటంత నీరు చేరుతుంది. వాన పడనక్కరలేదు, పడవ కారనక్కరలేదు. పైగా మామూలు స్పాంజి ఆ నీటిని పీల్చుకుని తొందరగా ఆరదు. రెండు మూడు రాత్రులకు ముక్క వాసన మొదలవుతుంది.

దీనికి మందు పరుపు కింద గాలి ఆడేటట్లు చేయడం. విదేశాలలో పడవలవారు ఇందుకోసం చెక్క పట్టీలను ఎడంగా బిగిస్తారు, ప్లాస్టిక్ వల దిమ్మలు కొంటారు. మన ఇళ్ళలో నవారు మంచం ఉండగా అంత దూరం వెళ్ళనక్కరలేదనిపించింది. టేకు చట్రాలు రెండు చేయించి, ఒక్కొక్కటి ఆరుంబావు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చొప్పున నేల మీద పక్కపక్కన అమర్చాము. నేలకూ చట్రానికీ మధ్య ఎనిమిది అంగుళాల ఎడం ఉంచాము. ఆ ఎడంలో గాలి ఆడుతుంది. లైఫ్ జాకెట్లు, అదనపు తాడు కూడా ఇముడుతాయి. నూలు నవారు తడికి పుచ్చిపోతుందని నైలాను నవారు అల్లించాము. నవారు అల్లేవారు కొత్తపేట వైపు ఇంకా దొరికారు, అడ్డం పట్టీని పొడుగు పట్టీల కిందా మీదా తిప్పుతూ వారు బిగించిన తీరులో మా చేతులతో బిగిస్తే రాలేదు. ఒకరి బరువుకు నవారు రెండంగుళాలు దిగుతుంది; అంతకన్నా దిగితే పడవ ఒరిగినప్పుడు మనిషి మడతలోకి జారిపోతాడని, ఎండలో రెండు రోజులు సాగనిచ్చి మళ్ళీ బిగింపించాము.

పైన పరిచినది రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు పరుపు, రెండంగుళాల మందం. కోనసీమలో పీచుకు కొదవ లేదు. పీచు సందుల్లోంచి గాలి ఆడుతుంది, తడిసినా ఎండలో నిలబెడితే పూటలో ఆరుతుంది. కొందరికి గరుకుగా అనిపించవచ్చు. ఒక బొంత వేస్తే ఆ ఫిర్యాదు పోతుంది.

తలలు ఏ వైపు పెట్టాలన్నది రెండవ ప్రశ్న. పెట్రోలు ఇంజను వెనుక ఉంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. అది పైకి పోదు, కిందికి దిగి పడవ అడుగున చేరుతుంది, అంటే సరిగ్గా పడుకున్నవారి ముక్కు ఎత్తుకు. అందుచేత పెట్రోలు డబ్బాను గూటి బయట, వెనుక పలక మీద, నలువైపులా గాలి తగిలే చోట కట్టి, తలలు ముందు వైపు, కాళ్ళు వెనుక వైపు ఉండేటట్లు నిర్ణయించాము. ఇదే కారణంతో పొయ్యి అనేదే పడవలోకి రాకూడదని నియమం పెట్టుకున్నాము. మూసిన గూటిలో పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి అసలే తెలియదు. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కు నిండా కాఫీ ఉంటే ఒక రాత్రికి ఏ లోటూ ఉండదు. దోమల చక్రాలకు కూడా ఇదే తీర్పు ఇచ్చి, గూటి రెండు కొసలకూ దోమతెర కుట్టించాము.

టార్పాలిన్ లోపలి వైపున ఒక జానెడు ఎడంగా పలుచని నూలు గుడ్డను రెండవ పొరగా వేలాడదీయించాము. ఊపిరిలోని ఆవిరి టార్పాలిన్‌కు తగిలి బొట్లుగా మారినా, అవి గుడ్డ మీద పడి ఇంకుతాయి తప్ప ముఖం మీద రాలవు. దర్జీ ఈ రెండవ పొర ఎందుకో అర్థం కాక రెండుసార్లు అడిగి, చివరకు పెళ్ళిపందిరి అనుకుని కుట్టి ఇచ్చాడు.

కార్తీకం

పడవను నీటిలోకి దించే తొందర ఎవరికీ లేదు. ఇది తుపానుల కాలం. 1996 నవంబరు 6న తీరం దాటిన తుపానును చూసిన పెద్దలు ఈ నెలలో ఏ చిన్న వాయుగుండం పేరు విన్నా పడవను రెండు కొబ్బరిచెట్లకు కట్టించే దాకా ఊరుకోరు. వారి మాటను కాదనే సాహసం మాకు లేదు. ఒడ్డున ఉన్నప్పుడే లంగరు, తాళ్ళు, దీపాల పని ముగించాము.

డెల్టాలో లంగరు వేయడం ఎగువ గోదావరిలో వేయడం వంటిది కాదు. రాజమహేంద్రవరం దగ్గర నీరు ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతుంది. లంగరు ఒకసారి పట్టిందంటే లాగుడు అదే దిక్కున ఉంటుంది. బ్యారేజీకి దిగువన, సముద్రానికి చేరువగా వచ్చేసరికి పోటు పాట్లు, అంటే నీరు ఎగదన్నడం, తిరిగి దిగిపోవడం, మొదలవుతాయి. సుమారు ఆరు గంటలకొకసారి నీరు దిక్కు మార్చుకుంటుంది. నది నీరు కూడా తోడవుతుంది కనుక పాటు కొంచెం ఎక్కువ సేపు, పోటు కొంచెం తక్కువ సేపు ఉంటాయి. శీతకాలపు పొడుగు రాత్రిలో పడవ కనీసం ఒకసారి, తరచుగా రెండుసార్లు లంగరు చుట్టూ తిరిగి ముఖం మార్చుకుంటుంది. తిరిగే సమయంలో తాడు వదులై, లంగరు ఎదురు దిక్కుకు లాగబడి, పట్టు ఊడి, మళ్ళీ పట్టకపోతే పడవ నిద్రపోతున్న మనుషులతో సహా కొట్టుకుపోతుంది. మెత్తని పరుపు, దోమతెర, రెండు పొరల గూడు ఇవన్నీ ఆ క్షణంలో ఎందుకూ పనికిరావు. అందుకే ఈ ప్రాజెక్టులో డబ్బు లెక్క చూసుకోకుండా కొన్నవి లంగర్లే.

మన వేటగాళ్ళు వాడే నాలుగు కొక్కేల లంగరు రాళ్ళలోను, చెట్ల వేర్లలోను బాగా పడుతుంది గాని, మెత్తని ఒండ్రులో దువ్వెనలా గీసుకుపోతుంది. వశిష్ఠ అడుగున ఉన్నది ఇసుక, ఒండ్రు. దానికి వెడల్పాటి రెండు రెక్కలుండే డాన్‌ఫోర్త్ రకం తగినది. రెక్కలు బురదలోకి దిగి లాగేకొద్దీ లోతుకు పోతాయి. ఎనిమిది కిలోలవి రెండు కాకినాడ నుంచి తెప్పించి, ఒక్కొక్కదానికి ఐదు మీటర్ల గొలుసు, దాని తరువాత పన్నెండు మిల్లీమీటర్ల నైలాను తాడు కట్టాము. గొలుసు బరువు వల్ల లాగుడు నేల వెంబడి ఉంటుంది, నైలాను సాగుతుంది గనుక కుదుపును మింగుతుంది. ప్లాస్టిక్ తాడు చవక, కాని నీటి మీద తేలి ఇంజను ఫ్యానుకు చుట్టుకుంటుంది.

తాడు ఎంత వదలాలన్నదానికి లెక్క ఉంది. పాటు సమయంలో మూడు మీటర్ల లోతు ఉన్నచోట, పోటుకు మరొక మీటరు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు అర మీటరు కలిపితే నాలుగున్నర. దానికి ఏడు రెట్లు అంటే సుమారు ముప్పై రెండు మీటర్లు. పాటులో చూసిన లోతుకే లెక్క కడితే పోటుకు తాడు మరింత నిటారుగా లాగి లంగరు పట్టు సడలవచ్చు. రెండు లంగర్లలో ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు వేసి, రెండు తాళ్ళనూ పడవ ముక్కుకే కట్టడం మేము ఎంచుకున్న పద్ధతి. నీరు ఎటు తిరిగినా ఒక లంగరు లాగుడు మీద ఉంటుంది. పడవ పెద్ద వలయంలో కాక దాదాపు ఉన్నచోటనే తిరుగుతుంది. ఒక తాడును వెనుకకు కడితే పడవ తిరగలేక, నీరు దిక్కు మారినప్పుడు వెనుక భాగం ప్రవాహానికి ఎదురుగా నిలుస్తుంది. చిన్న పడవకు అంతకన్నా ప్రమాదం లేదు.

ఈ లెక్కంతా విన్న, పడవలు నడిపే ఒక వృద్ధ సరంగు గారు చిరునవ్వు నవ్వి, “ఆయ్, లెక్క బాగానే ఉందండి. అష్టమికి వెళ్ళండి బాబూ, పున్నానికి వెళ్ళకండి. పున్నానికి నీళ్ళు మీ మాట వినవండి,” అన్నారు. పున్నమికీ అమావాస్యకూ పోటు పాట్ల తేడా ఎక్కువ, అష్టమి నవములకు తక్కువ. పోటు సమయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే పట్టికలో కాకినాడ రేవుకు ఈ సమయాలు దొరుకుతాయి గాని, నది లోపలికి వచ్చేకొద్దీ పోటు ఆలస్యమవుతుంది కనుక మా రేవు మెట్లకు గీతలు గీసి పట్టికతో పోల్చి చూసుకుంటున్నాము. సరంగు గారికి పంచాంగమే సరిపోతుంది.

దీపం గురించి కొద్దిగా. లంగరు మీద ఉన్న పడవ నలువైపులా కనిపించే తెల్లని దీపం పెట్టాలన్నది అంతర్జాతీయ నియమం. పడవలు రాకపోకలు సాగించే పాయలో ఏడు మీటర్ల కన్నా చిన్న పడవకు కూడా మినహాయింపు లేదు. రెండు వాట్ల ఎల్.ఈ.డీ. దీపం పన్నెండు గంటలు వెలిగితే పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి రెండు ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. చిన్న ఫ్యానుకు, ఫోన్లకు, నీళ్ళు తోడే పంపుకు కలిపి మరొక ఐదు. ఇరవై ఆంపియర్-అవర్ల బ్యాటరీ ధారాళంగా సరిపోతుంది. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 వచ్చాక ఇంజను పడవల రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోవాలి. ఆ కాగితాల పని నడుస్తున్నది.

మార్గశిరం

ముందుగా పంట కాలువలో కట్టి ఒక రాత్రి పడుకున్నాము. కాలువలో పోటు పాట్లు ఉండవు కనుక ఇది పడకకు, గూటికి మాత్రమే పరీక్ష. మంచు బాగా కురిసింది. టార్పాలిన్ పైన నీరు ధారగా కారుతుండగా లోపలి గుడ్డ చెమ్మగిలింది గాని బొట్టు రాలలేదు. పరుపు అడుగున చేయి పెడితే పొడిగా ఉంది. దోమలు మాత్రం ఒడ్డుకు కట్టిన పడవను ఇంటి అరుగుగానే భావించాయి.

తరువాత అష్టమి చూసుకుని ఏట్లోకి వెళ్ళాము. చించినాడ వంతెనకు ఎగువన, కనకాయలంక వైపు, పడవలు తిరిగే దారికి ఎడంగా ఒకచోటును పగలే గెడతో లోతు చూసి పెట్టుకున్నాము. గెడ మీద అడుగడుగుకూ రంగు గీతలు వేయించడం చౌకైన పని, గొప్ప ఉపయోగం. సాయంత్రం ఆ చుట్టుపక్కల వలలు వేసేవారిని అడిగి, వారి వల దారికి అడ్డు రాకుండా మరొక వంద గజాలు జరిగాము. లంక గట్టుకు దగ్గరగా ఉండకపోవడానికి రెండు కారణాలున్నాయి. నిలువుగా కోతపడిన గట్టు నీరు తీసే సమయంలో పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. నీటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు కింద పడుకోవలసిన అవసరం ఏ తెలివిగలవాడికీ లేదు. ఒడ్డుకు దూరమయ్యేసరికి దోమలు కూడా చాలా వరకు తగ్గాయి.

లంగర్లు రెండూ వేశాక ఇంజనును వెనక్కు నడిపి పట్టు పరీక్షించాము. ఆపైన ఒడ్డున ఒక సెల్ టవరు దీపాన్ని, దాని ముందు ఒక ఇంటి దీపాన్ని ఒకే వరుసలో గుర్తు పెట్టుకున్నాము. ఆ వరుస చెదిరితే పడవ కదిలిందని అర్థం. ఫోనులో ఒక యాప్ ఉంది, పడవ గీసిన వలయం దాటితే మోగుతుంది. అయినా దీపాల వరుసకు ఉన్న నమ్మకం దానికి ఇవ్వలేము, ఛార్జింగు అయిపోతే అది చెప్పదు.

నడిరాత్రి తరువాత నీరు తిరిగింది. పాటు ఉన్నంతసేపు పడవ ముక్కు ఉత్తరానికి ఉండి, ఈ నెలల్లో వీచే ఈశాన్యపు గాలి ముందు దోమతెర లోంచి వచ్చి వెనుక నుంచి పోయేది. గూడు లోపల హాయిగా ఉంది. పోటు తిరిగాక ముక్కు దక్షిణానికి మళ్ళింది, గాలి మాత్రం ఈశాన్యం నుంచే వస్తున్నది, అంటే ఇప్పుడు వెనుక నుంచి కాళ్ళ మీదికి. లంగరు మీద పడవ ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉంటుందన్న మాట చెరువులకు వర్తిస్తుంది, పోటు పాట్ల నదికి కాదు. ఎదురెదురైన గాలీ నీరూ కలిసి చిన్న అలలు లేపి పడవ వెనుక పలక కింద టపటపా కొట్టసాగాయి. మా బావమరిది లేచి కూర్చుని, “బావా, ఎవరో తలుపు తడుతున్నారు,” అన్నాడు. ఆ చప్పుడు సుమారు గంట తరువాత తగ్గింది. లంగర్లు కదలలేదు, దీపాల వరుస అలాగే ఉంది.

పుష్యం

ఆ రాత్రి చూసినదాన్ని బట్టి మూడు మార్పులు జరుగుతున్నాయి. వెనుక కొసకు దోమతెర మీద మరొక టార్పాలిన్ తెర వచ్చింది. కింద జానెడు, పైన జానెడు తెరుచుకునేటట్లు గుండీలు పెట్టించాము, గాలి నేరుగా కాళ్ళకు తగలకుండా పైనుంచి మళ్ళుతుంది. పెట్రోలు డబ్బా వెనుకే ఉన్నందున పోటు సమయంలో దాని వాసన లోపలికి కొంచెం రాసాగింది. డబ్బా మూత గాలిరంధ్రాన్ని రాత్రికి బిగించి, ఇంజను గొట్టాన్ని విడదీసి పెట్టడం ఇప్పుడు పడుకునే ముందు తప్పనిసరి పని. ఇక రెండు తాళ్ళు ముక్కు దగ్గర ఒకదాని మీద ఒకటి మెలిక పడ్డాయి. పడవ ప్రతిసారీ ఒకే వైపు తిరిగితే మెలికలు పెరుగుతాయి. రెండు తాళ్ళనూ కలిపి కింద తిరుగుడు కొక్కెం ఒకటి పెట్టి, అక్కడి నుంచి ఒకే తాడు ముక్కుకు తెచ్చే ఏర్పాటు చేయవలసి ఉంది. కొక్కెం దొరికింది గాని, అది మోసే బరువు ఎంతో దాని మీద ముద్రించి లేదు. ముద్ర ఉన్నది తెప్పిస్తున్నాము.

వెనుక పలక కింది చప్పుడుకు ఏమి చేయాలో ఇంకా తేలలేదు. పలక కింద నురుగు దిమ్మ అతికించాలని మేస్త్రీ గారి అభిప్రాయం; అది ఇంజను నీళ్ళు పీల్చుకునే చోటుకు అడ్డు వస్తుందేమోనని నా అనుమానం. కొక్కెం వచ్చేలోగా పాత సైకిలు ట్యూబుతో ఒక ముక్క కట్టి చూస్తాము. తరువాతి ప్రయాణం మాఘ అష్టమికి, ఈసారి చించినాడకు దిగువన, నరసాపురం సఖినేటిపల్లి మధ్య ఏరు దాటించే పంటు దారికి చాలా ఎగువనే ఆగేటట్లు.